పెద్ద సొరచేప ఎదురైతే పైకి పరిగెత్తకండి

ప్రశ్న: నాకు అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. ఇప్పటికి 34 డైవ్‌లు చేశాను. వచ్చే సెలవుల్లో మావారు, నేను టైగర్ షార్క్‌లు కనిపించే చోటికి డైవింగ్‌కి వెళ్తున్నాం. చిన్నప్పటి నుంచి పెద్ద సొరచేపను దగ్గర నుంచి చూడాలని నా కోరిక. అయితే పోయినేడు ఒక రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర 20 మీటర్ల లోతులో ఉండగా రెండు మీటర్ల సొర ఒకటి నా వెనక నుంచి వచ్చి పక్కగా వెళ్లింది. ఊపిరి అందనట్టు అయిపోయింది. గైడ్ నా ట్యాంక్ పట్టుకోకపోతే పైకి దూసుకుపోయేదాన్ని. మరి నాలుగు మీటర్ల టైగర్ షార్క్ ఎదురొస్తే ఏం చేయాలి? ఎర వేసి పిలిచే డైవ్‌లకు వెళ్లొచ్చా? నెలసరి రోజుల్లో దిగితే ప్రమాదమా? మా అమ్మ ఈ మాట వింటేనే టెన్షన్ పడిపోతోంది, ఆవిడకి ఏం చెప్పను?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ప్రశ్నలన్నీ సొరచేప గురించే. నా మనసు మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది: గైడ్ ట్యాంక్ పట్టుకోకపోతే పైకి దూసుకుపోయేదాన్ని. ముందు దాని సంగతి మాట్లాడుకుందాం. ఆ రోజు మీ ప్రాణానికి నిజంగా ముప్పు వచ్చింది అక్కడే.

20 మీటర్ల లోతులో మన మీద ఒత్తిడి పైన ఉన్నదానికి మూడు రెట్లు ఉంటుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చేస్తే, బయటికి చేరేసరికి అది మూడింతలు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో అంత చోటెక్కడిది? చివరి 10 మీటర్లలోనే గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తి చిరిగితే గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్తాయి. భయపడిన మనిషి చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడమే కాబట్టి ఇది పుస్తకాల్లో రాసుకునే ప్రమాదం అనుకోకండి. ఊపిరి వదులుతూ వచ్చినా, వేగంగా వస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి బెండ్స్ అనే జబ్బు వచ్చే అవకాశం ఉంది. మీ పక్కగా వెళ్లిన ఆ సొర మిమ్మల్ని ఒకసారి చూసుకుని తన దారిన తాను పోయింది. మీ గైడ్ చెయ్యి ఆ క్షణంలో అక్కడ ఉండటం మీ అదృష్టం.

పైకి పరిగెత్తకూడదని చెప్పడానికి రెండో కారణం సొరకు సంబంధించినది. లోతులో నిటారుగా, నెమ్మదిగా, బుడగలు వదులుతూ ఉన్న డైవర్ సొరకు వింత వస్తువు. దాని తిండి జాబితాలో అలాంటిదేదీ లేదు. అదే మనిషి నీటి పైభాగాన కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, కింద నుంచి చూసే కంటికి వెలుతురులో ఒక నల్లటి నీడ కదులుతూ కనిపిస్తుంది. తాబేలైనా, సీల్ అయినా, గాయపడిన జంతువైనా అలాగే ఉంటుంది. టైగర్ షార్క్, తెల్ల సొర లాంటివి కింద నుంచి పైకి వచ్చి వేటాడటానికి అలవాటు పడినవి. అందుకే షార్క్ డైవ్‌లో నాకు అన్నిటికంటే జాగ్రత్త అవసరమనిపించేవి మొదటి రెండు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు. మధ్యలో ఉండే అరగంట తేలిక.

2017 నవంబర్ 30న కోస్టారికాకు చెందిన కోకోస్ దీవి దగ్గర ఇదే జరిగింది. డైవ్ ముగించి పైకి వస్తున్న బృందం మీదకు ఒక టైగర్ షార్క్ వచ్చింది. ఒక డైవర్ చనిపోయారు, దాన్ని తరమడానికి ప్రయత్నించిన డైవ్‌మాస్టర్‌కు కూడా గాయాలయ్యాయి. భయపెట్టడానికి ఇది రాయడం లేదు. అలాంటి ఘటనలు చాలా అరుదు. కానీ డైవ్ అయిపోయింది కదా అని ఒళ్లు మరిచే సమయం ఏదో అది చూపిస్తుంది కాబట్టి చెబుతున్నాను. అప్పటికి అందరి కళ్లూ పడవ మీదే ఉంటాయి, కింద ఏముందో చూసేవాళ్లు ఉండరు.

ఇక మీ అసలు ప్రశ్న. నాలుగు మీటర్ల టైగర్ షార్క్ వస్తే ఎలా ఉంటుందో ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. అది దూసుకురాదు. నీళ్లు ఎక్కడ మసకబారుతాయో అక్కడ ముందు ఒక బూడిద రంగు మరకలా కనిపిస్తుంది. ఆ తర్వాత మొద్దుగా, నలుచదరంగా ఉన్న తల. పక్కల మీద చారలు, వయసు మీరిన ఆడ సొరల్లో అవి దాదాపు వెలిసిపోయి ఉంటాయి. తోక బద్ధకంగా అటొకసారి ఇటొకసారి కదులుతుంది. దగ్గరకు వచ్చేకొద్దీ మూతి కింద మిరియాల పొడి చల్లినట్టు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ప్రతి ప్రాణి కండరాల నుంచీ వెలువడే అతి సన్నని విద్యుత్తును అది వాటితోనే పసిగడుతుంది. కన్ను పెద్దది, నల్లటిది. ఆ కన్ను మిమ్మల్నే చూస్తుంటుంది, ఆ సంగతి మీకు స్పష్టంగా తెలుస్తుంది.

అప్పుడు మీరు చేయాల్సింది దాన్ని తిరిగి చూడటం. టైగర్ షార్క్‌లతో ఏళ్ల తరబడి పనిచేసే గైడ్‌లు ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట ఇదే. పొంచి వచ్చి దొంగచాటుగా పట్టే జంతువుకు, తనను చూస్తున్న ప్రాణి అంటే సందేహం. మీ మాస్క్ దాని వైపు తిరిగి ఉంటే చాలాసార్లు మూడు నాలుగు మీటర్ల దూరంలోనే పక్కకు మళ్లుతుంది. అది చుట్టూ తిరిగితే మీరూ దానితో పాటు తిరగండి. మెడ ఒక్కటే తిప్పకండి, ఒళ్లంతా తిప్పండి. నిటారుగా ఉండండి, చేతులు ఛాతీ దగ్గర ముడుచుకోండి. అది వెళ్లిపోయిందని వెంటనే వీపు తిప్పకండి. టైగర్ షార్క్‌కు ఉన్న అలవాటు ఏమిటంటే, కనుమరుగై, పెద్ద చుట్టు తిరిగి, ఇంకో వైపు నుంచి తాపీగా వస్తుంది. ఒకదాన్నే తదేకంగా చూస్తూ ఉండిపోవడం కూడా తప్పే, రెండోది వెనక ఉండొచ్చు. అందుకే మీరు, మీవారు వీపులు ఆనించుకుని ఉండటం దిగేముందే మాట్లాడుకోండి. ఇద్దరికీ కలిపి చుట్టూ అంతా కనిపిస్తుంది.

మీవారి చేతిలో కెమెరా ఉంటుందా? ఉంటే ఒక మాట. వ్యూఫైండర్‌లో చూసే మనిషి దూరం అంచనా తప్పుతాడు. వైడ్ యాంగిల్ లెన్స్‌లో మూడు మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపించే తల నిజంగా చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో ఉంటుంది. ఇద్దరూ ఫొటోలు తీస్తే కాపలా ఎవరు కాస్తారు? ఒకరు తీస్తుంటే ఒకరు చూడాలి. ఇక కెమెరా, లైట్లు కూడా బ్యాటరీ, లోహం ఉన్నవే కాబట్టి సొర వాటిని మూతితో తడిమి చూసే సందర్భాలు ఉంటాయి. అది మరీ దగ్గరకు వచ్చేస్తే ఆ కెమెరాయే మీకూ దానికీ మధ్య అడ్డం. గట్టిగా కొట్టక్కర్లేదు. కదలకుండా అడ్డం పెట్టి నిలబడితే చాలు, దానికది తగిలి పక్కకు మళ్లుతుంది. గైడ్‌లు తల మీద అరచెయ్యి పెట్టి దారి మళ్లించే వీడియోలు మీరు చూసే ఉంటారు. అది వాళ్లు వందల డైవ్‌లలో నేర్చుకున్న పని, అదీ తప్పనిసరైతేనే. మీరు దయచేసి ప్రయత్నించకండి. ముట్టుకోవాలన్న కోరిక ఎంత బలంగా ఉన్నా చెయ్యి చాపకండి.

నిజంగా మూతితో గుద్ది, మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు ఆలోచన వేరు. దగ్గర్లో రీఫ్ గోడ గానీ, నేల గానీ ఉంటే దానికి వీపు ఆనించండి, ఒక వైపు కాపలా తగ్గుతుంది. గైడ్‌కు సైగ చేసి, అందరూ ఒక ముద్దగా కలిసి, మామూలు వేగంతోనే డైవ్ ముగించాలి. పట్టుకుంటే మాత్రం కళ్లు, మొప్పలు దాని సున్నితమైన చోట్లు, వాటి మీద శక్తి కొద్దీ కొట్టాలి. ఈ వాక్యం మీకు ఎప్పటికీ అవసరం పడకూడదనే కోరుకుంటాను, తెలిసి ఉండటం మాత్రం మంచిది.

సొరకు కోపం వస్తే ముందే చెబుతుంది. ఈ విషయం చాలామందికి తెలియదు. పసిఫిక్ రీఫ్‌ల మీద ఉండే గ్రే రీఫ్ షార్క్ గురించి జాన్సన్, నెల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లోనే దీన్ని వివరంగా రాశారు. ముందు రెక్కలు రెండూ కిందికి దించుతుంది, వీపు గూనిలా పైకి లేస్తుంది, మూతి పైకెత్తుతుంది, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ ఈదుతుంది. చూసినవాళ్లకు తమాషాగా ఉంటుంది గానీ అది హెచ్చరిక. ఆ తర్వాత నెల్సన్ పసిఫిక్‌లోని ఎనెవెటాక్ అనే పగడపు దీవుల వలయం దగ్గర ఒకే మనిషి పట్టే చిన్న సబ్‌మెరీన్‌లో కూర్చుని వాటిని వెంబడించి చూశాడు. అవి ఇలా హెచ్చరించి, అప్పటికీ వదలకపోతే సబ్‌మెరీన్‌నే కొరికాయి. ఆకలితో చేసిన పని కాదది, దారి ఇవ్వకుండా తరిమినందుకు. కాబట్టి రెక్కలు దిగి, కదలికలు బిగుసుకుని, కుదుపులతో ఈదుతున్న సొర ఏ రకమైనా సరే, ఫ్లాష్ కొట్టడం ఆపి, దానికి వెళ్లే దారి వదిలి, ఎదురుగా చూస్తూనే వెనక్కి జరగండి. రీఫ్‌కూ మీకూ మధ్య దాన్ని ఇరికించారేమో ముందు చూసుకోండి.

అన్ని పెద్ద సొరలూ ఒకేలా ప్రవర్తించవు. సుత్తి తల సొరలు గుంపులుగా తిరిగే చోట డైవర్లకు వచ్చే కష్టం వేరు, మన బుడగల చప్పుడుకే అవి బెదిరి దూరం జరుగుతాయి. వేల్ షార్క్ 12 మీటర్లు దాటి పెరిగినా తినేది నీళ్లలో తేలే చిన్న జీవుల్ని. దాని దగ్గర జాగ్రత్త పడాల్సింది తోక గురించి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ దగ్గర దాని ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు దూరం ఉండాలని నియమం పెట్టారు, ఎక్కడైనా అదే పాటించండి. బుల్ షార్క్ బలిష్ఠంగా, గుండ్రటి ముక్కుతో ఉంటుంది. బురద నీళ్లలో, నది కలిసే చోట కూడా తిరుగుతుంది కాబట్టి నీళ్లు మసకగా ఉన్న రోజు అక్కడ దిగకండి, అంతే. తెల్ల సొరను బోను లోపలి నుంచే చూడండి.

నాకు ఎక్కువ గౌరవం, కొంచెం భయం కూడా ఉన్నది ఓషియానిక్ వైట్‌టిప్ మీద. గుండ్రటి పొడవాటి రెక్కలు, వాటి చివర తెల్లటి మరకలు. నడి సముద్రంలో బతికేది, అక్కడ తిండి ఎప్పుడో గానీ దొరకదు కాబట్టి కనిపించిన ప్రతిదాన్నీ పరీక్షించి చూస్తుంది. ఎర్ర సముద్రంలో ఒకసారి డైవ్ చివర ఐదు మీటర్ల దగ్గర మేం ఆరుగురం, ఒంట్లోని నైట్రోజన్ పోయేందుకు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో ఉన్నాం. మా పడవ వంటవాళ్లు అన్నం పెట్టే వేళని మిగిలిన తిండి సముద్రంలో పారేశారు, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. వైట్‌టిప్ ఒకటి వచ్చింది. మొదటి చుట్టు పది మీటర్ల దూరంలో, రెండోది అయిదు, మూడోది నా కాలి ఫిన్ అంచు దాని పొట్టకు రాసుకునేంత దగ్గరలో. గాలి అందించే నా రెగ్యులేటర్ చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. చేతిలో డైవ్ కంప్యూటర్ ఇంకా రెండు నిమిషాలు అని చూపిస్తోంది. మా గైడ్ అందరినీ భుజాలు కలిపి వీపులు లోపలికి ఉండేలా ఒక వలయంలా నిలబెట్టింది. ఎవరి ఎదురుగా వస్తే వాళ్లు దాని వైపు తిరిగి చూస్తూ ఉన్నారు. ఆ రెండు నిమిషాలూ పూర్తి చేశాం. తర్వాత ఒక్కొక్కరమే నిచ్చెన ఎక్కాం, పైన ఉన్నవాళ్లు చెయ్యి అందిస్తుంటే మిగిలినవాళ్లు మాస్క్ నీళ్లలోనే ఉంచి కిందికి చూస్తూ ఉన్నారు. చివరిగా గైడ్ ఎక్కింది. ఎవరూ పైకి పరుగెత్తలేదు, అందుకే ఎవరికీ ఏమీ కాలేదని నేను ఈరోజుకీ నమ్ముతాను. పడవ మీదకు వచ్చాక ఆ గైడ్ వంటవాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడిన మాటలు మాత్రం మామూలుగా లేవు.

మీరు ఎక్కబోయే పడవ వాళ్లను ముందే అడగండి: డైవర్లు నీళ్లలో ఉండగా తిండి, చెత్త బయట పడేయరు కదా? 2010 డిసెంబర్‌లో ఈజిప్ట్‌లోని షర్మ్ ఎల్ షేఖ్ దగ్గర వరుసగా ఈతగాళ్ల మీద దాడులు జరిగినప్పుడు, ఓడల నుంచి సముద్రంలో పడేసిన గొర్రెల కళేబరాలు, చేపలకు తిండి వేసే అలవాటు కారణాలై ఉంటాయని చాలామంది అనుమానించారు. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. పడవలో ఆక్సిజన్ ఉందా? రక్తం ఆపే టోర్నికే పట్టీ ఉందా, అది కట్టడం ఎంతమందికి వచ్చు? సొర కాటులో ప్రాణం పోయేది ఎక్కువగా రక్తం పోవడం వల్లే. గాయం మీద గట్టిగా నొక్కి పట్టడం, చెయ్యి గానీ కాలు గానీ అయితే గాయానికి పైన టోర్నికే బిగించి టైము రాసుకోవడం, ఆ పట్టీని ఆస్పత్రి దాకా వదులు చేయకపోవడం, ఇవి పడవ మీద ఉన్నవాళ్లు క్షణాల్లో చేయాల్సిన పనులు. ఈ ప్రశ్నకు తెల్లమొహం వేసే పడవ ఎక్కకండి.

ఎర వేసి పిలిచే డైవ్‌ల మీద డైవర్ల మధ్య ఏళ్లుగా వాదన నడుస్తోంది. బహామాస్‌లోని టైగర్ బీచ్, ఫిజీలోని బెకా లగూన్, మాల్దీవుల్లోని ఫువమ్ముల లాంటి చోట్లకు వచ్చే డైవర్ల డబ్బు వల్ల అక్కడ బతికి ఉన్న సొరకు విలువ వచ్చింది. మాల్దీవులు 2010లో సొరల వేట నిషేధించాయి, బహామాస్ 2011లో తన సముద్రాన్ని వాటికి అభయారణ్యంగా ప్రకటించింది. 1970 నుంచి నడి సముద్రపు సొరలు, టేకు చేపల (రే) సంఖ్య 71 శాతం పడిపోయిందని 2021లో తేల్చారు. ఆ లెక్క చూసినవాళ్లెవరైనా ఆ డబ్బును తేలిగ్గా తీసెయ్యలేరు. మరోవైపు, సొర నేర్చుకునే జంతువు. యూజినీ క్లార్క్ అనే శాస్త్రవేత్త 1950ల చివర్లోనే లెమన్ షార్క్‌లకు ఒక పలకను మూతితో నొక్కితే తిండి దొరుకుతుందని నేర్పించి చూపారు. పలకను గుర్తుపెట్టుకున్నది మనిషిని గుర్తుపెట్టుకోదా? ఈ భయంతోనే ఫ్లోరిడా రాష్ట్రం 2002 నుంచి తన జలాల్లో డైవర్లు సొరలకు తిండి వేయడాన్ని నిషేధించింది. 2008 ఫిబ్రవరిలో బహామాస్ దగ్గర బోను లేని ఎర డైవ్‌లో సొర కరిచి ఒక డైవర్ చనిపోయారు.

నా అభిప్రాయం చెప్పమంటే, మంచి గైడ్‌లతో జరిగే ఎర డైవ్‌ను నేను తప్పు పట్టను. కానీ మీకు అది ట్రిప్‌లో మొదటి రోజు డైవ్ కాకూడదు. ముందు ఎర లేకుండా ఆ నీళ్లలో రెండు మూడు సార్లు దిగండి, ఒళ్లు కుదుటపడనివ్వండి. ఎర డైవ్‌లో మీరు నిలబడే చోటు ముఖ్యం. కరెంట్ ఎటు పోతోందో చూడండి, ఎర పెట్టె దగ్గర నుంచి వాసన ఆ దారినే వెళ్తుంది, సొరలు ఆ దారినే వస్తాయి. ఆ దారికి మీరు పక్కన ఉండాలి, మధ్యలో ఎప్పుడూ ఉండకూడదు. చేతులకు నల్లటి గ్లౌజులు వేసుకోండి. ముదురు రంగు సూట్ మధ్య కదులుతున్న తెల్లని చెయ్యి చేప ముక్కలా కనిపిస్తుంది. ఇందులో రంగు కంటే వెలుగు నీడల తేడాదే పెద్ద పాత్ర. 2011లో 17 రకాల సొరల కళ్లు పరిశీలించినప్పుడు పదింటిలో రంగు చూసే కోన్ కణాలే లేవు, మిగిలిన ఏడింటిలో ఉన్నది ఒకే రకం. అంటే పసుపు రంగు ఫిన్స్ మానేసి నీలం కొనుక్కున్నా పెద్ద ఉపయోగం లేదు. మెరిసే ఉంగరాలు, గొలుసులు మాత్రం తీసి పడవలో పెట్టండి. గైడ్ ఒక్కరే పది మందిని తీసుకెళ్తానంటే వద్దని చెప్పండి. ఎవరైనా సొర నోరు తెరిపించి, దాన్ని తిరగేసి విన్యాసాలు చేస్తున్నారంటే అది మీరు వెళ్లాల్సిన డైవ్ కాదు.

కాలికి కట్టుకునే విద్యుత్ పరికరాల ప్రకటనలు మీకు కనిపిస్తాయి. వాటిలో కొన్ని పనిచేస్తాయి, పూర్తిగా కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో సర్ఫ్ బోర్డుకు పెట్టే రకాల్ని తెల్ల సొరల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో మెరుగైనది ఎరను లాక్కోవడాన్ని 96 శాతం నుంచి 40కి తగ్గించింది. తగ్గడం గొప్పే, కానీ ఆ మిగిలిన 40 గుర్తుంచుకోండి. అది ఉంది కదా అని చూపు పక్కకు తిప్పితే ఉన్న రక్షణ పోతుంది.

నెలసరి గురించి అడగడానికి చాలామంది మొహమాట పడతారు, మీరు అడిగినందుకు సంతోషం. ఆ రోజుల్లో దిగే డైవర్లను సొరలు ఎక్కువగా కరుస్తాయనడానికి ఆధారం లేదు. ప్రపంచంలో ఎంతోమంది మహిళా డైవర్లు, గైడ్‌లు, పరిశోధకులు నెలంతా సొరల మధ్య పనిచేస్తూనే ఉన్నారు. వాసన ఒక్కటే సొరను రప్పించదు. చప్పుడు, కదలిక, కరెంట్ దిశ అన్నీ కలవాలి, పైగా దానికి పరిచయమైన తిండి వాసన చేపది. రెండు మైళ్ల అవతల నుంచి ఒక్క చుక్క పసిగడుతుందన్నది కథ. నేనొకసారి 25 మీటర్ల లోతులో పగడం అంచుకు వేలు కోసుకున్నాను. ఆ లోతులో ఎరుపు ఉండదు కదా, ముదురు ఆకుపచ్చ పొగలా సన్నగా వచ్చి నీళ్లలో కలిసిపోయింది. దగ్గర్లో ఉన్న రెండు రీఫ్ షార్క్‌లు దాని వైపు చూడను కూడా చూడలేదు. అయితే కడుపునొప్పి, నీరసం ఉంటే ఆ రోజు మానెయ్యండి. ఒళ్లు బాగాలేని రోజు డైవ్ ఏదైనా సరే మంచిది కాదు. బల్లెంతో చేపలు వేటాడేవాళ్లు దగ్గర్లో ఉంటే మాత్రం ఆ చోటు వదిలి వెళ్లండి. గుచ్చుకున్న చేప గిలగిల కొట్టుకోవడం, రక్తం, చేప వాసన అన్నీ ఒకేచోట ఉంటాయక్కడ.

అమ్మగారికి అబద్ధం చెప్పకండి, ఏమీ కాదు అని కొట్టి పారేయకండి కూడా. ఫ్లోరిడా నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు ప్రపంచమంతటి సొర కాట్ల లెక్క రాస్తారు. 2024లో మనిషి రెచ్చగొట్టకుండా జరిగిన కాట్లు మొత్తం 47, వాటిలో చనిపోయినవాళ్లు నలుగురు. ఎక్కువమంది ఒడ్డు దగ్గర ఈదేవాళ్లు, సర్ఫింగ్ చేసేవాళ్లు. ఆ లెక్క ఆవిడకు చూపించండి. కానీ మీరు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సొరను ముట్టుకోబోయి, తిండి పెట్టబోయి కరిపించుకున్నవాళ్లను ఆ 47లో కలపరు, వాళ్లకు వేరే లెక్క ఉంది. మీరు వెళ్లేది సొరలు ఉన్న చోటికే కాబట్టి ఏ లెక్కలో పడతారన్నది కొంతవరకు మీ చేతుల్లోనే ఉంది. మా ఇంట్లో నేను చేసిన పనేమిటంటే, ఎన్ని గంటలకు దిగుతాం, ఎన్ని గంటలకు పైకి వస్తాం, ఎప్పుడు ఫోన్ చేస్తానో రాసి ఇచ్చేవాణ్ణి, ఆ టైముకు తప్పకుండా చేసేవాణ్ణి. అంకెల కంటే అది ఎక్కువ పనిచేసింది.

వెళ్లేముందు ఇంకొక్క పని చేయండి. మామూలు నీళ్లలో, సొరలు లేని చోట, మంచి ఇన్‌స్ట్రక్టర్‌తో రెండు డైవ్‌లు పెట్టుకోండి, వాటిలో చూసేందుకు ఏమీ లేకపోయినా పర్వాలేదు. తాడు పట్టుకోకుండా, కింద నేల కనిపించని చోట, ఐదు మీటర్ల దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా నిలబడటం సాధన చేయండి. షార్క్ డైవ్ చివర మీకు కావాల్సింది ఈ ఒక్క నైపుణ్యమే, 34 డైవ్‌ల వాళ్లలో చాలామందికి అది ఇంకా పట్టుబడి ఉండదు. మధ్యలో ఇన్‌స్ట్రక్టర్‌ను చెప్పకుండా వెనక నుంచి వచ్చి మీ భుజం తట్టమనండి. తట్టగానే మీరు చేయాల్సింది ఒక్కటే, పొడవుగా ఊపిరి వదిలి, తర్వాత తిరిగి చూడటం. ముందు ఊపిరి, తర్వాతే తిరగడం. మొదటి నాలుగైదు సార్లు ఉలిక్కిపడి అర మీటరు పైకి లేస్తారు. లేవకుండా ఉన్న రోజు టికెట్లు కొనుక్కోండి. అప్పటికే కొనేసి ఉంటే, అక్కడికి వెళ్లాక మొదటి రోజు ఉదయం గైడ్‌తో పోయినేడు జరిగింది దాచకుండా చెప్పండి, మీ పక్కనే ఉండమని అడగండి. పనితెలిసిన గైడ్ ఎవరైనా ఆ మాట విని మిమ్మల్ని తక్కువగా చూడరు. తన ఎడమ చేతి వైపు మీకు చోటిచ్చి, దిగేముందు ఇంకోసారి మీ గాలి ఎంతుందో చూస్తారు.